అలంకార కలశం: అభిరుచి, పరిశ్రమ, పరిశోధన

మానవుడు కుండను మొదట అవసరం కొరకు చేసుకొన్నాడు. నీరు నిలువ చేయుటకు, ధాన్యం దాచుటకు, అన్నం వండుటకు అతనికి కుండ కావలసి వచ్చినది. చేసిన కుండను తన శరీరం వలెనే భావించి దాని భాగాలకు పేర్లు పెట్టుకొన్నాడు. తెలుగులో కుండకు మూతి, మెడ, బొజ్జ, అడుగు ఉన్నట్లే ఇంగ్లీషులోను పెదవి, మెడ, భుజం, పాదం ఉన్నవి. అవసరాలు తీరిన కొలది మనుష్యుని దృష్టి అందం వైపు మరలినది. పాత్రలో ఏమి పోయవలెనన్న ప్రశ్న వెనుకబడి, పాత్రను ఎక్కడ ఉంచవలెనన్న ప్రశ్న ముందుకు వచ్చినపుడు అలంకార కలశం పుట్టినది. ఇంగ్లీషువారు దీనిని వేజ్ అన్నారు. పూలుంచు పాత్రను ఉర్దూలో గుల్‌దాన్ అందురు. అయితే ఈ వ్యాసంలో మనం పరిశీలించు కలశాలలో అనేకం పూలకొరకు కూడ చేసినవి కావు. కేవలం చూచుట కొరకు చేసినవి.

ఇట్టి కలశాలకు ఐరోపాలో గొప్ప ఆదరణ లభించిన కాలం పదునెనిమిదవ శతాబ్దపు ఉత్తరార్ధం. ప్రాచీన గ్రీకు, రోమను కళలను ఆదర్శంగా గ్రహించిన ఆ కాలపు శైలిని నియోక్లాసికల్ శైలి, అనగా నవ్య సంప్రదాయ శైలి అందురు. ఒక ఇంటి అలంకారంలో వచ్చిన మోజు ఒక పరిశ్రమను, ఒక శాస్త్ర పరిశోధనను, చివరకు ఒక న్యాయపోరాటాన్ని ఎట్లు తాకినదో చూపుటయే ఈ వ్యాసం ఉద్దేశం. మోజు స్వభావతః క్షణికమైనది. కాని దాని వెనుక శ్రమయు, విచారణయు ఉన్నచో అది పోయిన తరువాత కూడ కొంత విలువ మిగులును.

భూమిలోనుండి వచ్చిన ఆదర్శం

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి ఇటలీలోని హెర్క్యులేనియం, పాంపే నగరాలను కప్పివేసినది. హెర్క్యులేనియంలో 1738లోను, పాంపేలో 1748లోను క్రమమైన త్రవ్వకాలు ఆరంభమైనవి. రోమను గృహాల గోడలు, దీపాలు, పీటలు, పాత్రలు ప్రపంచానికి కనిపించినవి. అంతవరకు ప్రాచీనత అనగా ఆలయాలు, విగ్రహాలు మాత్రమే అనుకొన్న విద్వాంసులకు ప్రాచీనుల నిత్యజీవితం ప్రత్యక్షమైనది. జర్మను పండితుడు వింకెల్‌మన్ 1764లో ప్రాచీన కళాచరిత్రను ప్రకటించి, గ్రీకు కళలోని నిరాడంబరమైన గాంభీర్యాన్ని యువకళాకారుల ముందుంచినాడు.

అదే 1764లో సర్ విలియం హామిల్టన్ బ్రిటిష్ రాయబారిగా నేపుల్స్ చేరినాడు. దక్షిణ ఇటలీ సమాధులలో లభించు చిత్రిత కలశాలను ఆయన ఆసక్తితో సేకరించినాడు. వాని చిత్రాలను నాలుగు పెద్ద సంపుటాలుగా ముద్రించు పని ద్ఆంకర్‌విల్ అను రచయిత సాయంతో సాగించినాడు. ఆయన మొదటి సంగ్రహాన్ని 1772లో బ్రిటిష్ మ్యూజియం 8,400 పౌనులకు కొన్నది. ఆ సంపుటాలు కేవలం పండితుల కొరకు కాక, కుమ్మరులకు, లోహకారులకు, శిల్పులకు నమూనాలుగా ఉపయోగపడవలెనన్నది వాని ఆశయం. ఆ ఆశయం త్వరలోనే నెరవేరినది.

ఆ ప్రాచీన పాత్రలలో ప్రతిదానికి ఒక పని ఉండెడిది. రెండు చెవులు గల ఆంఫొరాలో ద్రాక్షారసమో, నూనెయో నిలువ చేసెడివారు. మూడు చెవుల హైడ్రియా నీరు తెచ్చుటకు. రెండు చెవులతో ఎత్తి, మూడవదానిని పట్టి వంచెడివారు. వెడల్పు మూతి గల క్రేటర్‌లో ద్రాక్షారసమును నీటితో కలిపెడివారు. పని నుండి పుట్టిన ఈ ఆకారాలే రెండు వేల సంవత్సరాల తరువాత పనిలేని అలంకారాలై సంపన్నుల గదులలో నిలిచినవి.

జోసయ్యా వెడ్జ్‌వుడ్

ఈ మోజును పరిశ్రమగా మలచినవారిలో అగ్రగణ్యుడు ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్ కుమ్మరి జోసయ్యా వెడ్జ్‌వుడ్. కుమ్మరుల వంశంలో, బర్స్లెం గ్రామంలో 1730లో ఆయన జన్మించినాడు. బాల్యంలో సోకిన మశూచికం వలన కుడి మోకాలు శక్తి కోల్పోయి, కాలితో తన్ని త్రిప్పు సారె మీద నిరంతరం పనిచేయుట ఆయనకు కష్టమైనది. చేతిపనికి కలిగిన ఈ ఆటంకం ఆయన బుద్ధిని మట్టి, రంగు, నిప్పుల పరీక్షల వైపు మరల్చినది. 1768 మే 28న ఆ కాలు తీసివేయవలసి వచ్చినది. మత్తుమందు లేని ఆ కాలంలో ఆయన ఆ శస్త్రచికిత్సను మెలకువతోనే భరించినాడు.

లివర్పూల్ వర్తకుడు థామస్ బెంట్లీతో ఆయనకు 1762లో స్నేహం కలిగినది. బెంట్లీ భాషలు, ప్రాచీన సాహిత్యం, నగర జీవనం ఎరిగినవాడు. వెడ్జ్‌వుడ్ మట్టిని ఎరిగినవాడు. వీరిద్దరు అలంకార వస్తువుల కొరకు భాగస్వాములై కొత్త కర్మశాలను నిర్మించి, దానికి ఎట్రూరియా అని పేరు పెట్టినారు. 1769 జూన్ 13న ఆ కర్మశాల ప్రారంభమైనపుడు వెడ్జ్‌వుడ్ స్వయంగా సారె ముందు కూర్చుండి ఆరు కలశాలు చేసినాడు; చక్రం త్రిప్పినవాడు బెంట్లీ. ఆ నల్లని కలశాల మీద హామిల్టన్ సంగ్రహంలోని ఒక హైడ్రియా నుండి గ్రహించిన చిత్రాన్ని ఎర్రని వర్ణంతో వ్రాయించినారు. ఎట్రూరియా కళలు మరల జన్మించుచున్నవను అర్థం గల లాటిను వాక్యాన్ని వానిపై లిఖింపజేసినారు. కాలు పోయి ఒక సంవత్సరం దాటిన మనిషి ఆనాడు సారె ముందు కూర్చున్నాడన్నది గమనింపదగిన విషయం.

మట్టిలో శాస్త్రం

ఆ నల్లని మట్టికి బ్లాక్ బసాల్ట్ అని పేరు. స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులు ఇనుము గల ఖనిజంతో చేయు నల్లమట్టిని వెడ్జ్‌వుడ్ శుద్ధిచేసి, మాంగనీసు కలిపి, 1768 నాటికి నున్నని గట్టి పదార్థంగా రూపొందించినాడు. దానికి గాజుపూత అవసరం లేదు. సానపట్టిన రాయి వలె కనిపించును.

బసాల్ట్ కంటె ఎక్కువ శ్రమ తీసుకొన్నది జాస్పర్. లేత నీలి నేల మీద తెల్లని ఉబ్బెత్తు బొమ్మలతో ఉండు వెడ్జ్‌వుడ్ కలశాన్ని చాలమంది చిత్రాలలోనైనను చూచియుందురు. ఆ నీలిరంగు పైన పూసినది కాదు. తొలి రోజులలో కోబాల్టు ఆక్సైడును మట్టిలోనే కలిపి ముద్ద చేసెడివారు. ఈ పదార్థం 1770 తరువాతి సంవత్సరాలలో వేలకొలది పరీక్షల మీదట సిద్ధించినది. ప్రతి పరీక్షకు ఒక అంకె వేసి, ఏ మట్టి ఎంత, ఏ ఖనిజం ఎంత, ఆవములో ఏ చోట ఉంచినది అను వివరాలు గుప్త సంకేతాలతో వ్రాసి ఉంచెడివాడు. చివరకు కీలకంగా నిలిచినది డెర్బీషైర్ గనులలో దొరుకు బేరియం సల్ఫేటు ఖనిజం. మన కడప సీమలోని మంగంపేటలో విస్తారంగా త్రవ్వు ముగ్గురాయి ఈ జాతి ఖనిజమే.

కలశం చేయు విధానం కూడ తెలిసికొనదగినది. మొదట సారె మీద ఆకారం లేపుదురు. కొంత ఆరిన తరువాత తరిణె పట్టి అంచులు, గీతలు తీర్చుదురు. బొమ్మలను వేరుగా లోతైన అచ్చులలో ఒత్తి, సన్నని పలకలుగా తీసి, తడిచేసి, కలశం మీద ఒక్కొక్కటిగా అంటింతురు. తరువాత ఆవములో కాల్చుదురు. మట్టి కాలినపుడు కుంచించుకొనును. నేలయు, బొమ్మయు ఒకే పరిమాణంలో కుంచించుకొననిచో బొమ్మ చిట్లును, లేక ఊడిపోవును. కావున కలశం మీద నాట్యమాడు ఒక తెల్లని అప్సర వెనుక రెండు మట్టి ముద్దల సంకోచాన్ని సమానం చేసిన లెక్క ఉన్నది.

ఆవములోని వేడిని కొలుచు సాధనం ఆనాడు లేదు. పాదరసపు ఉష్ణమాపకం అంత వేడికి పనికిరాదు. కంటికి తోచిన ఎరుపుదనమే ప్రమాణం. వెడ్జ్‌వుడ్ మట్టి సంకోచాన్నే కొలబద్దగా చేసికొన్నాడు. ఒకే కొలత గల మట్టి బిళ్ళలను ఆవములో ఉంచి, కాలిన తరువాత అంకెలు గల గాడిలో జార్చి, ఎంత దూరం పోయినదో చూచి వేడిని లెక్కించినాడు. ఈ సాధనాన్ని 1782లో రాయల్ సొసైటీకి నివేదించినాడు. 1783లో ఆ సంఘ సభ్యత్వం పొందినాడు. ఆ అంకెలు నేటి డిగ్రీలతో సరిపోవని తరువాతి వారు తేల్చినారు. అయినను ఒక్కొక్క ఆవము వేడిని మరియొకదానితో పోల్చుటకు అది కుమ్మరికి ఉపకరించినది. గృహాలంకారం విజ్ఞానశాస్త్రాన్ని చేరిన మార్గమిది.

గదిలో కలశం, విపణిలో కలశం

శీతల దేశమైన ఇంగ్లండులో ప్రతి ముఖ్యమైన గదికి కేంద్రం చలిమంట గూడు. దానిపై నుండు పలకను మాంటెల్‌పీస్ అందురు. ఇంటికి వచ్చిన అతిథి దృష్టి మొదట పడు చోటు అదియే. కావున మూడు, ఐదు, ఏడు చొప్పున జతగూడిన కలశాలను అక్కడ వరుసగా నిలిపెడివారు. నడుమ ఎత్తైనది, ఇరువైపుల సమానమైనవి. ఈ సమతూకమే ఆ శైలికి ప్రాణం. రాబర్ట్ ఆడం వంటి వాస్తుశిల్పులు గోడల మీది సున్నపు పనిలోను, కుర్చీల వెన్నులలోను, ఇంటి కప్పు అంచులలోను కలశాకారాన్నే చిత్రించినారు. కొన్ని కలశాల మూతను తిరగవేసినచో క్రొవ్వొత్తి దీపస్తంభమగును. కొన్నింటిలో సుగంధ ద్రవ్యాలుంచెడివారు.

1769 నాటి తన లేఖలలో వెడ్జ్‌వుడ్ ఈ మోజును కలశాల పిచ్చి అనియే వర్ణించినాడు. ఆ పిచ్చిని వ్యాపారంగా మార్చుటలో ఆయన నేర్పరి. లండను ప్రదర్శనశాలలో వస్తువుల అమరికను తరచు మార్చి, వచ్చినవారికి ప్రతిసారి కొత్తదనం కనిపించునట్లు చేయవలెనని యోచించినాడు. మొదట కలశాలకు ఎక్కువ ధర పెట్టినాడు. రాజభవనాలలో వానికి గౌరవం స్థిరపడిన పిదప, 1772లో, మధ్యతరగతి వారికి అందు ధరకు ఎక్కువ సంఖ్యలో అమ్మవలెనని బెంట్లీకి వ్రాసినాడు. ఆ సంవత్సరం ఆర్థిక సంక్షోభం వచ్చి సరుకు నిలిచిపోగా, ఒక్కొక్క కలశానికి అగు ఖర్చును పద్దుల వారీగా లెక్కించినాడు. అచ్చులు, అద్దె, గుమస్తాల జీతాలు కలశాలు తక్కువ చేసినను ఎక్కువ చేసినను దాదాపు ఒకే తీరుగా ఉండునని, సంఖ్య పెరిగిన కొలది ఒక్కొక్కదానిపై భారం తగ్గునని గ్రహించినాడు. నేటి కామర్సు విద్యార్థి పాఠ్యపుస్తకంలో స్థిరవ్యయం అని చదువునది ఈ విషయమే.

ఆయనకు పోటీదారులు లేకపోలేదు. బర్మింగ్‌హాం నగరపు మాథ్యూ బోల్టన్ డెర్బీషైర్‌లో దొరుకు బ్లూ జాన్ అను ఊదారంగు చారల రాతికి బంగారు పూత గల లోహపు చెవులు, పీఠాలు అమర్చి కలశాలు చేసినాడు. ఫ్రాన్సులో సేవ్ర్ రాజ కర్మశాల మరియొక మార్గం త్రొక్కినది. 1768లో లిమోజ్ నగరానికి దక్షిణాన కయోలిన్ అను తెల్లమట్టి కనుగొనబడిన తరువాత అక్కడ గట్టి పింగాణి తయారైనది. ముదురు నీలం మీద బంగారు గీతలతో సేవ్ర్ కలశం రాజవైభవాన్ని చాటినది. వెడ్జ్‌వుడ్ కలశం మాత్రం బంగారం లేకుండనే గౌరవం పొందినది. దాని విలువ పదార్థంలో కాక పనితనంలో ఉన్నది.

పోర్ట్‌లండ్ కలశం

వెడ్జ్‌వుడ్ సామర్థ్యానికి తుది పరీక్ష పోర్ట్‌లండ్ కలశం. ఇది క్రీస్తుశకారంభ కాలపు రోమను గాజుపని. ముదురు నీలి గాజుపై తెల్లగాజు పొరను పోసి, ఆ తెలుపును బొమ్మలుగా చెక్కినారు. ఎత్తు సుమారు 24 సెంటీమీటర్లు మాత్రమే. హామిల్టన్ దీనిని రోములో కొని పోర్ట్‌లండ్ డచెస్‌కు అమ్మినాడు. ఆమె మరణానంతరం 1786లో ఆమె కుమారుడైన డ్యూకు దానిని వెడ్జ్‌వుడ్‌కు ఎరువిచ్చినాడు.

గాజులో చెక్కినదానిని మట్టిలో తెచ్చుట సులభం కాదు. గాజు పలుచనైన చోట నీలం తొంగిచూచి నీడలు ఏర్పడును; మట్టికి ఆ గుణం లేదు. బుడగలు, పగుళ్ళు, ఊడిన బొమ్మలు అను వైఫల్యాల నడుమ దాదాపు నాలుగు సంవత్సరాలు గడచినవి. 1789లో తృప్తికరమైన నకలు సిద్ధించినది. 1790లో ప్రసిద్ధ చిత్రకారుడు సర్ జోషువా రేనాల్డ్స్ అది మూలానికి విశ్వసనీయమైన ప్రతిరూపమని ధ్రువీకరించినాడు.

దీనికి ఒక ఉత్తరకథ కలదు. మూల కలశం 1810 నుండి బ్రిటిష్ మ్యూజియంలో ఉండెను. 1845 ఫిబ్రవరి 7న ఒక సందర్శకుడు దానిని బద్దలు కొట్టినాడు. ముక్కలను తిరిగి కూర్చునపుడు వెడ్జ్‌వుడ్ నకలు మార్గదర్శకమైనది. శ్రద్ధతో చేసిన అనుకరణ కేవలం వ్యాపార వస్తువు కాక, మూలానికి సాక్షిగా నిలుచుననుటకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మరియొక వైపు

ఈ చరిత్రలో ప్రశంసింపదగినవి మాత్రమే చెప్పి ఊరకుండుట న్యాయం కాదు. మొదటి విషయం పేరులోని పొరపాటు. ఇటలీ సమాధులలో దొరికినందున ఆ కలశాలను ఇటలీ ప్రాచీన జాతియైన ఎట్రుస్కనులవని ఆనాటివారు నమ్మినారు. కర్మశాలకు ఎట్రూరియా అను పేరు వచ్చినది అందువలననే. వానిలో అనేకం గ్రీకులు చేసినవని, ఎథెన్సు నుండి ఓడలలో ఇటలీకి వచ్చినవి కూడ వానిలో కలవని తరువాతి పరిశోధన నిర్ధారించినది. వస్తువు దొరికిన చోటే అది పుట్టిన చోటు కానక్కరలేదు. చరిత్ర విద్యార్థులు మరువరాని సూత్రమిది.

రెండవ విషయం శ్రామికులది. స్టాఫర్డ్‌షైర్ కర్మశాలలలో చెకుముకిరాతి పొడి ఊపిరితిత్తులను తిన్నది. సీసం గల గాజుపూతలు వానిని ముంచువారి ఆరోగ్యాన్ని హరించినవి. విలియం హాక్‌వుడ్, జాన్ ఫ్లాక్స్‌మన్ వంటి శిల్పుల పేర్లు మనకు తెలియును. అచ్చులు ఒత్తినవారు, తరిణె పట్టినవారు, ఆవము వద్ద రాత్రులు మేల్కొన్నవారు అత్యధికులు అజ్ఞాతంగానే మిగిలినారు.

మూడవది అన్నిటికంటె బరువైన విషయం. ఈ కలశాలు నిలిచిన భవనాలలో కొన్నింటికి ధనం వచ్చినది కరీబియన్ దీవులలో బానిసలు పనిచేసిన చెరకు తోటల నుండి. ఆడం అలంకరించిన హేర్‌వుడ్ భవనం అట్టిదే. అందమైన గది వెనుక ఎవరి కన్నీరున్నదో అన్న ప్రశ్న వెడ్జ్‌వుడ్ కాలంలోనే లేచినది. ఆయన దానికి తన మట్టితోనే సమాధానమిచ్చినాడు. 1787లో సంకెళ్ళతో మోకరిల్లి చేతులు జోడించిన నల్లజాతి మనుష్యుని బొమ్మ గల చిన్న జాస్పర్ పతకాన్ని తయారు చేయించినాడు. తాను మనిషిని కానా, సోదరుడను కానా అను ప్రశ్న దానిపై ఉన్నది. ఆ పతకాలను వెల లేకుండ పంచిపెట్టినాడు. 1788లో అమెరికాలోని బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు కూడ పంపినాడు. స్త్రీలు వానిని కంకణాలలో, కేశాభరణాలలో ధరించినారు. మోజు న్యాయానికి సేవచేసిన అరుదైన సందర్భమిది. ఆఫ్రికా బానిసల వ్యాపారాన్ని బ్రిటిష్ పార్లమెంటు 1807లో నిషేధించినది. 1795లో మరణించిన వెడ్జ్‌వుడ్ దానిని చూడలేదు.

మన సమీపంలో

ఈ కళను చూచుటకు ఐరోపా పోనక్కరలేదు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం ఐరోపా విభాగాలలో వెడ్జ్‌వుడ్, సేవ్ర్, డ్రెస్డెన్ కర్మశాలల వస్తువులు కలవు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితకాలం సేకరించిన సంపద 1951లో దివాన్ దేవిడీలో మ్యూజియంగా తెరువబడి, 1968లో మూసీ తీరాన ఉన్న నేటి భవనానికి మారినది. నల్లని బసాల్ట్ పాత్రను తలచినపుడు మనకు బిదరీ సురాహి స్ఫురించుట సహజం. నలుపు మీద వెలుగును నిలుపుట రెంటికిని సామాన్యం. అయితే బిదరీ లోహం: జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, వెండి తీగ పొదిగి, బీదరు కోట మట్టిని నవాసారంతో కలిపి రుద్ది నలుపు తెప్పింతురు. ఒకటి నిప్పులో నల్లబడినది, రెండవది మట్టి స్పర్శతో నల్లబడినది.

మ్యూజియం చూడబోవు విద్యార్థులకు ఒక సూచన. కలశం ముందు నిలిచినపుడు బాగున్నదని మాత్రమే తలచి కదలిపోరాదు. ఆకారం ఏ ప్రాచీన పాత్రది? దాని పూర్వపు పని ఏమి? బొమ్మ చిత్రించినదా, అంటించినదా, చెక్కినదా? రంగు పైనున్నదా, లోపలనున్నదా? ఇది ఎవరి గదిలో ఉండెడిది? ఈ ఐదు ప్రశ్నలకు సమాధానం వెదకినచో మౌనంగా ఉన్న కలశం మాటలాడును.

ముగింపు

కలశాల పిచ్చి ఒక తరం కంటె ఎక్కువ కాలం నిలువలేదు. అభిరుచులు మారినవి, మాంటెల్‌పీస్ మీదికి వేరే వస్తువులు వచ్చినవి. ఎట్రూరియా కర్మశాల కూడ 1950లో మూతపడినది. కాని అంకెలు వేసిన ఆ పరీక్షా శకలాలు, వేడిని కొలిచిన ఆ మట్టి బిళ్ళలు, బద్దలైన మూలానికి దారి చూపిన ఆ నకలు, మనుష్యుడు మనుష్యుని అడిగిన ప్రశ్న గల ఆ పతకం చరిత్రలో నిలిచినవి. ప్రాచీనులను గౌరవించుట అనగా వారి ఆకారాన్ని తెచ్చి అలమారలో పెట్టుకొనుట కాదు. వారు చూపిన శ్రద్ధను మన కాలపు పనిలో చూపుట. మన ఇండ్లలో ఈనాడు ఏ మోజు ప్రవేశించినను, అది ఎట్లు చేయబడినది, ఎవరి శ్రమతో చేయబడినది, ఎంతకాలం నిలుచును అని విచారించు అలవాటు విద్యావంతునికి ఉండవలెను. ఆ విచారణ లేని అలంకారం ఖాళీ కుండ. విచారణ ఉన్నచో ఖాళీ కలశం కూడ నిండుకుండయే.